గడియారానికి పెట్టె

గిద్దలూరు,
1927 జూన్ 12.

ప్రియమైన సామ్రాజ్యానికి,

నేను బాగానే ఉన్నాను. అడవి శాఖ దొర బంగళా వెనక వసారాలోనే పనీ, పడకా. పని ఏమంటే గడియారానికి ఇల్లు కట్టడం. నవ్వకు. ఇది గోడకు వేలాడేది కాదు, మనిషిలా నేల మీద నిలబడే గడియారం. దొర తాతగారిదట. ఓడెక్కి ఇంతదూరం వచ్చిన చెక్కపెట్టెను ఇక్కడి చెదలు రెండేళ్ళలో తినేశాయి. ఇత్తడి ముఖం, చక్రాలు, బరువు గుండ్లు, లోలకం మిగిలాయి. వాటికి నల్లమల టేకుతో ఆరడుగుల కొత్త పెట్టె చేయాలి. రెండు నెలల్లో వచ్చేస్తాను.

బయలుదేరినప్పుడు నువ్వు గుమ్మం దాకా రాలేదు. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు. రైలు కంభం దాటాక చూడాలనిపించింది.

నీ యేసుదాసు.


పెద్దారవీడు,
సెప్టెంబరు 20.

ప్రియమైన మీకు సామ్రాజ్యం వందనాలు.

రెండు నెలలన్నారు, నాలుగో నెల నడుస్తోంది. ఆ ఒక్క ఉత్తరం తర్వాత కార్డు ముక్క కూడా లేదు. టపా మనిషి నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నాడు.

కట్టెల బండితో గిద్దలూరు పోయిన మన యల్లయ్య మొన్న వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు నసిగాడు. చివరికి, "వదినా, అన్న శవప్పెట్టె చేస్తున్నాడు. మనిషి పొడుగుంది. దాంట్లో పండుకొని ఉంటే నేనే చూసినా. పిలిస్తే పలకలేదు" అన్నాడు. అది గడియారం పెట్టె అని ఎంత చెప్పినా వినలేదు. గడియారం ఎక్కడైనా అంత పొడుగుంటుందా అని వాడి వాదన. సాయంత్రానికి పేటంతా నన్ను ఓదార్చడానికి వచ్చింది. ఓబులమ్మత్త ఏడుపు ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

వాళ్ళున్నంతసేపూ నవ్వు ఆపుకున్నాను. వెళ్ళిపోయాక భయం వేసింది. మీకు ఒంట్లో బాగాలేదా? లేక నా ముఖం చూడడం ఇష్టం లేదా? మన వరప్రసాదం పోయి ఎనిమిది నెలలు. అప్పటినుంచి మీరు నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండేళ్ళ బిడ్డను జ్వరం నుంచి కాపాడుకోలేకపోయానని కోపమైతే ఆ మాటే రాయండి. కోపాన్ని భరిస్తాను. ఈ మౌనాన్ని భరించడం నావల్ల కాదు.

మీ సామ్రాజ్యం.


గిద్దలూరు,
అక్టోబరు 2.

ప్రియమైన సామ్రాజ్యం,

నేను బతికే ఉన్నానని ముందు ఓబులమ్మత్తకు చెప్పు. యల్లయ్య చూసింది నిజమే. అప్పుడు పెట్టెను నేల మీద పడుకోబెట్టి, లోపలికి దూరి మూలలు నున్నగా రుద్దుతూ ఉన్నాను. వాడి పిలుపు వినపడింది. ఏడుస్తూ ఉన్నాను, అందుకే పలకలేదు.

పెట్టె ఆగస్టులోనే అయిపోయింది. లోపలివైపు మాత్రం ఇంకా రుద్దుతూనే ఉన్నాను. లోలకం తప్ప ఎవరూ చూడని చోటికి ఇంత నునుపెందుకని దొర రెండుసార్లు అడిగాడు. ఏం చెప్పను? మన బిడ్డ పోయిన రోజు నేను హనుమంతునిపాడులో ఎవరింటికో తలుపులు బిగిస్తున్నాను. వచ్చేసరికి మట్టి కప్పేశారు. చాపలో చుట్టి పెట్టారని యోసేపు మామ చెప్పాడు. ఊరందరికీ పెట్టెలు చేసిన ఈ చేతులు నా కొడుక్కి నాలుగు చెక్కలు కలపలేదు. కోపం నీ మీద కాదు. ఆ సంగతి నీ దగ్గర ఎత్తే ధైర్యం లేక దూరంగా ఉన్నాను. ఈ పెట్టెలో చెయ్యి పెడితే వాడికి చేస్తున్నట్టే ఉంది. ఎప్పుడు ఆపాలో తెలియడం లేదు.

నీ పక్కన కూర్చోవాలని ఉంది. ఏ ముఖం పెట్టుకొని రాను?

నీ యేసుదాసు.


పెద్దారవీడు,
అక్టోబరు 9.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. తొమ్మిది నెలలుగా గొంతులో ఉన్నది ఇప్పుడు చెప్పేస్తాను.

ఆ రోజు చెక్కలు లేక కాదు. అటక మీద మీరు ఆరబెట్టిన పలకలున్నాయి. యోసేపు మామ వాటిని దించి, కొలతకు కూడా వచ్చాడు. పెట్టె వద్దన్నది నేను. "వాడు వాళ్ళ నాయన పక్కన తప్ప పండుకోడు మామా. ఒక్కన్నే పెట్టి మూత బిగిస్తే భయపడతాడు" అన్నాను. మీ దుప్పటి, ఉతకనిది, మీ వాసన ఉన్నది, దాంట్లో చుట్టాను. ఆ పైన చాప. మామ చాప సంగతే చెప్పినట్టున్నాడు.

దుప్పటి ఏదని మీరు అడుగుతారని చూశాను. అడిగితే చెప్పి ఏడుద్దామనుకున్నాను. మీరు అడగలేదు. ఆ చలి అంతా కప్పుకోకుండానే పడుకున్నారు.

ఇక ఆ పెట్టెను నిలబెట్టి, గడియారం దొరకు అప్పగించి రండి. శనివారం రైలుకు మార్కాపురం రోడ్డు స్టేషనులో ఉంటాను. మీరు దిగకపోతే గిద్దలూరు పోయే బండెక్కి నేనే వస్తాను. ఇంట్లో ఇప్పుడు దుప్పటి ఒక్కటే ఉంది. ఇద్దరం సర్దుకుందాం.

మీ సామ్రాజ్యం.