ఓడలో లేని మంగళవారం

కూకట్‌పల్లి,
ఆదివారం.

చిరంజీవి బాలుకి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మీ బావగారు, నీ మేనకోడలు కిరణ్మయి, నేను కులాసా. బాచుపల్లిలో మీ ఇంట్లో ఉమాశ్రీ, పిల్లాడు కూడా బాగున్నారు. నిన్న వచ్చి సాయంత్రం దాకా ఉండి వెళ్ళారు. సముద్రం మీద నీ తిండీ నిద్రా ఎలా ఉన్నాయో అన్నది ఒక్కటే మాకు బెంగ.

కొరియా రేవులో నువ్వు వేసిన ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను, నా పద్ధతి నీకు తెలుసుగా. నీ భార్య కారు నేర్చుకుంటోంది. మలుపులో బండి ఆగిపోతే వెనక ఆటో అతను, "అక్కా, జర పక్కకన్న పెట్టు, లేకుంటే నాకన్న ఇయ్యి, నేను నడుపుత" అన్నాడట. మూడు రోజులు అలిగి మళ్ళీ వెళ్తోంది. మీ బావగారి మోకాలు పర్వాలేదు. మాగాయ పెట్టాను. నీ వాటా వేరే జాడీలో ఉంది.

ఇక ఉత్తరం చివర నువ్వు రాసిన సంగతి. "అక్కా, సోమవారం రాత్రి పడుకుని లేచేసరికి మా ఓడలో బుధవారం. సముద్రం మధ్య తేదీ మారే గీత దాటాం. అమ్మ తద్దినం మంగళవారం. ఆ రోజు నాకు రానే లేదు. ఈ ఏడాది అమ్మకి పెట్టకుండా తప్పించేశానా?" అన్నావు. ఇంటికి రాలేని ఏడాది కూడా ఓడ మీదే నువ్వులూ నీళ్ళూ వదిలి, సముద్రపు పక్షులకు ముద్ద పెట్టేవాడివి.

కిరణ్మయి వాళ్ళ ఆఫీసు చేసిన ఫోను పంచాంగం ఈసారి గుర్తుచెయ్యలేదేం అని కూడా అడిగావు. దానికి జవాబు కొంచెం పొడుగు.

హైటెక్ సిటీలో దాని పని అదే కదా. ఎవరింట్లో ఏ తిథి, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో రాసిపెడితే, ఆ పంచాంగం వేళకి ఫోనుకి కబురు పంపుతుంది. ఆ రోజుల్ని కంప్యూటరు లోపల ఎలా రాసి దాచాలన్నదే వాళ్ళకు పెద్ద గొడవ. దాని టీం లీడరు ప్రశాంత్‌ది వరంగల్ వైపు. ఇద్దరూ ఓ ఆదివారం మా ఇంట్లోనే కూర్చుని పని చేశారు. పెసరట్టు తింటూ కూడా అదే వాదన.

"అన్నీ గ్రీనిచ్ గడియారం లెక్కల పెడదాం. చూపెట్టేటప్పుడు ఎవరి దేశం టైముల వాళ్ళకు చూపెడ్తం. ఇగ పరేషాన్ ఏముంది?" అంటాడు ప్రశాంత్.

"అలా పెట్టే కదా, పన్నెండో తారీకు పుట్టినాయనకి అమెరికాలో పదకొండునే శుభాకాంక్షలు వెళ్ళాయి! మనకి అర్ధరాత్రి దాటితే వాళ్ళకింకా ముందురోజే కదండీ" అంది కిరణ్మయి.

"ఒకరోజు ముంగట చెప్తే దావత్ రెండుసార్లు చేసుకుంటడు. ఫికర్ ఎందుకు?"

"తద్దినానికీ అలాగే చెబుదామా?"

ప్రశాంత్ నవ్వు ఆపేసి నావైపు చూశాడు. "సారీ ఆంటీ" అన్నాడు.

నాకు మాత్రం మన సామర్లకోట ఇల్లు కళ్ళముందు కదిలింది. అమ్మ రైలుకి నాన్న చేతిగడియారం చూసేది. బడి సెలవులకి గోడ మీద కేలండరు. నాన్నమ్మ తద్దినానికి ఆ రెండూ చూసేది కాదు. మాఘ బహుళ సప్తమి మధ్యాహ్నం వేళకి ఏ రోజున ఉందో కనుక్కురమ్మని మనిద్దర్నీ పంతులుగారింటికి పంపేది. నువ్వు దారంతా ఆ మాట జపం చేసుకుంటూ నడిచేవాడివి, మధ్యలో జీళ్ళ బండి కనబడిందా, అంతా హుళక్కి. ఒకసారి "సప్తమి అంటే ఆదివారమా అమ్మా?" అని అడిగావు. "దానికి వారాలతో చుట్టరికం లేదురా" అంది నవ్వి.

ఆ సాయంత్రానికి వాళ్ళూ ఒక దారికి వచ్చారు. జరిగిపోయిన క్షణాలన్నీ గ్రీనిచ్ లెక్కలో. పుట్టినరోజుకి గడియారం తగిలించకుండా ఉత్త తేదీ. తద్దినానికి తేదీ కూడా వద్దు; మాసం, పక్షం, తిథి, ఏ ఊరో ఆ పేరు. ఊరు తెలియకపోతే ఆ తిథి ఏ రోజున పడుతుందో తేలదట.

నీ విషయంలో చిక్కు అక్కడే వచ్చింది. ఫోను ఎక్కడుంటే అదే నీ ఊరు అనుకునేలా పెట్టుకున్నావు. మంగళవారం పొద్దున ఆరింటికి కబురు వెళ్ళాలి. నీ ఫోనులో మంగళవారం ఆరు అవ్వనే లేదు. ముందురోజు సాయంత్రం కిరణ్మయి ఓడల జాడ చూపించే మ్యాపు చూసి, "అమ్మా, మావయ్యకి రేపు ఉండదేమో" అంది. ఎన్నిసార్లు చేసినా నీ ఫోను కలవలేదు.

కాబట్టి నువ్వేమీ తప్పించలేదు. రాని రోజుని ఎవరైనా ఎలా తప్పిస్తారు?

ఇంతటితో ముగించి కవరు అంటిద్దామనుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది. ఆ మంగళవారం నీకు రాలేదు గానీ నాకు వచ్చింది. అమ్మ తిథి మా ఇంటి మీదుగా వెళ్ళిపోతుంటే ఊరికే కూర్చోలేకపోయాను. నేనే పెట్టాను బాలూ.

కొడుకుండగా కూతురు పెట్టడమేమిటని మీ బావగారు తటపటాయించారు. శాస్త్రిగారికి ఫోను చేస్తే, "కొడుకు అందుబాటులో లేడు, కూతురు ఉంది. ఆకలి మీ అమ్మగారిది కదమ్మా, మధ్యలో మీకెందుకు మొహమాటం?" అన్నారు. స్వయంపాకం ఇచ్చి, నువ్వులూ నీళ్ళూ వదిలాను. మేడ మీద ముద్ద పెడితే అన్నీ పావురాలే. మా వాచ్‌మన్ మొగిలి వాటిని తోలుతూ, "కాకులు ఈడ యాడున్నయమ్మా, అన్నీ అద్దాల బిల్డింగులాయె. బోరబండ టేసన్ కాడ ఉంటయి. బండి తియ్యాల్నా?" అన్నాడు. మీ బావగారు మోకాలి సంగతి మరిచిపోయి, ముద్ద పట్టుకుని వాడి బండెక్కారు. కాకి ముట్టిందని ఆయన ఫోను చేశాకే మంచినీళ్ళు తాగాను.

నేను నీళ్ళు వదిలే వేళకి నీ దగ్గర ఇంకా సోమవారం రాత్రేనట. కిరణ్మయి లెక్క కట్టి చెప్పింది. నువ్వు పక్క సర్దుకుంటూ ఉంటావు. రోజు వేరైనా ఆ క్షణం మనిద్దరిదీ ఒకటేనని ధైర్యం తెచ్చుకున్నాను.

అయినా నీ చోటులో నిలబడ్డానేమోనని ఆ రోజునుంచీ మనసులో గుచ్చుకుంటోంది. ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేననే కాగితం మీద పెట్టాను. అమ్మ పోయాక నువ్వు ఇంటి దగ్గర పెట్టినప్పుడల్లా వంట చేసి, దూరంగా నిలబడి చూసినదాన్నే. ఈసారి చెయ్యి తడిసింది. ఆ పూట అన్నం తృప్తిగా తిన్నానని చెబితే నీకు కష్టంగా ఉంటుందేమో, కానీ తిన్నాను.

మొన్న కిరణ్మయి పంచాంగంలో నీ వివరాల్లో ఊరు దగ్గర కూకట్‌పల్లి అని మార్చింది. తద్దినం పెట్టే కర్త అన్నచోట ఒక్క పేరే పట్టేదట. ప్రశాంత్‌ని ఒప్పించి, రెండు పట్టేలా చేయించింది. నీ పేరు కింద నా పేరు రాసి, "ఉంచెయ్యనా అమ్మా?" అంది. మావయ్యని అడిగి చెబుతానన్నాను.

ఉంచమంటావా, తమ్ముడూ?

ఇట్లు,
నీ అక్క,
వీరలక్ష్మి