తుడిచేసిన ప్రశ్న

మంగళవారం రాత్రి, అశోక్‌నగర్

రోజూ గ్రూప్స్ పరీక్షల ప్రశ్న రాసుకునే హాస్టల్ బోర్డు మీద ఈరోజు నేను వేరే ప్రశ్న రాశాను: "పబ్‌లో ఒక్క కూల్‌డ్రింక్‌కే స్నేహితురాలు తూలిపోతోంది. ముందేం చేయాలి? ఎ) ఎందుకొచ్చావని తిట్టాలి. బి) ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

వార్డెనక్క తుడిచేసింది. "గిసొంటివి రాస్తే హాస్టల్ పేరు ఖరాబైతది."

"రాయకుంటే ఇంకో పిల్ల ఆగమైతదక్కా," అని మళ్ళీ రాశాను.

పోయిన నెల పబ్‌లో నా రూమ్మేట్ కవిత గ్లాసులో ఎవడో మత్తుమందు కలిపి అఘాయిత్యం చేశాడు. ఏడుస్తూ రూముకొస్తే, "అక్కడికెందుకు పోయినవే?" అన్నాను. నా జవాబూ 'ఎ'నే. అప్పటి నుంచి కవిత నాతో మాట్లాడట్లేదు.

వార్డెనక్క మళ్ళీ డస్టర్ ఎత్తింది. వెనక కూర్చుని చూస్తున్న కవిత లేచొచ్చి నా చేతిలోని మార్కర్ లాక్కుంది.

"తుడిస్తే తుడువు అక్కా. ఈసారి నేను రాస్త."