మూడు పొద్దుల పసరు

14-10-2024, సోమవారం. రాజుపాలెం. ముసురు.
సుబ్బారావు గారి ఐదు హెచ్‌పీ మోటారుకు వైండింగ్ పూర్తి చేశాను. తమ్ముడు మురళికి జ్వరం నాలుగో రోజు. చింతూరు అడవుల్లో బోరు లారీ మీద పని చేసి వచ్చాక పట్టుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే. నరసరావుపేట తీసుకెళ్ళి రక్తం చూపిద్దాం బావగారూ అని మరదలు మాధురి నిన్ననే అంది. చిన్నప్పుడు నాకు తగ్గింది పసరుతోనే. పొద్దున్నే క్రోసూరులో పసరు పోసే యోబు తాత దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు పొద్దులు తాగాలి.

15-10. వాన.
రెండో పొద్దు. ఉప్పు, నూనె లేని పత్యం. వాడికి ఒకటే వణుకు. మూత్రం కాఫీ డికాషన్‌లా వస్తోంది. తాతకు ఫోన్ చేశాను. భయపడమాకరా, రోగం కిందికి దిగుతుంది, చానా మంచిది అన్నాడు. నా మనసు కుదుటపడింది.

16-10.
మూడో పొద్దు. ఏంది అన్నయ్యా, ఇది మన గేదె కూడా తాగదు అన్నాడు మురళి. మూత్రం బాగా తగ్గింది.

17-10, మధ్యాహ్నం 2.00. నరసరావుపేట, ఆసుపత్రి.
నిన్న సాయంత్రం నుంచి మూత్రం చుక్క రాలేదు. వాంతులు. మాధురి ఆటో పిలిచింది. నన్ను అడగలేదు.
డాక్టర్ మిస్బా, ఈమధ్య ఊళ్ళు ఏమైనా తిరిగాడా అని అడిగింది. చింతూరు అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది.
రక్తపరీక్షలో తేలింది ఫాల్సిపారం మలేరియా, చింతూరు అడవుల్లో ఎక్కువట. క్రియాటినిన్ 8.4. కిడ్నీలు పని మానేశాయి.
దోమ కుడితే కిడ్నీలు పోవడమేమిటి? అదే అడిగాను. మలేరియా క్రిమి ఎర్రకణాల్లో చేరి వాటిని పగలగొడుతుందట. కళ్ళు పచ్చబడింది అందుకేనట. క్రిములున్న కణాలు సన్నటి రక్తనాళాల్లో అతుక్కుని కిడ్నీలకు రక్తం అందనివ్వవట. ఆ నల్లటి మూత్రం, పగిలిన రక్తం రంగు. నేను దాన్ని చూసి సంతోషించాను.
నాలుగు రోజుల ముందు తెస్తే ఇంతదాకా వచ్చేది కాదు అంది.
పసరు సంగతి నేను చెప్పలేదు. మాధురి చెప్పింది. చెప్పి నా వైపు తిరిగి, నోరు ఏడబెట్టుకున్నారు బావగారూ, చింతూరు మాట ఆ తాతకన్నా చెప్పారా అంది.
చెప్పలేదు. ఆయన అడగలేదు.

18-10.
మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు. మలేరియాకు ఇంజెక్షన్లు. నర్సు గీతలున్న కొలత జాడీ, చార్ట్ ఇచ్చి, మూత్రం ఎంత వస్తే అంత రాయమంది. సున్న.

19-10.
సున్న.

21-10.
జ్వరం లేదు. రక్తంలో క్రిమీ లేదట. మరి కిడ్నీలు? తిరిగి పనిచేయొచ్చు, వారాలు పట్టొచ్చు, కొందరికి రావు అంది డాక్టరమ్మ. మూడో డయాలసిస్. వాడి కాళ్ళు నొక్కితే వేలు దిగిపోతోంది. సున్న.

24-10.
సున్న. వచ్చిన రోజు నుంచీ మాధురి నాతో మాట్లాడటం లేదు.

27-10, ఉదయం 6.10. ఎండ.
ముప్పై ml. పల్చటి టీ రంగు.
జాడీ పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. ఎవరో పెద్దాయన ఇడ్లీ తింటున్నాడు. ఆయనకు చూపించాను. మా తమ్ముడిదండీ అన్నాను. ఆయన పొట్లం పక్కన పెట్టి, శుభ్రంగా ఉంది నాయనా అన్నాడు. మాధురి వచ్చి జాడీ లాక్కుంది. గీత దగ్గర కన్ను పెట్టి చూసి, ముప్పై కాదు, ముప్పై ఐదు బావగారూ అంది.
లోపల మురళి మళ్ళీ జాడీ తెమ్మని పిలుస్తున్నాడు. చార్ట్‌లో ఇంకా ముప్పై ఐదు రాయనేలేదు.