కుడికాలి బ్రేకు

ఒర్లియంపేట, పాండిచ్చేరి
12-7-2004

నాయనా,

నాకు దెబ్బేమీ తగల్లేదు, ముందు ఆ మాట అమ్మకు చదివి వినిపించు.

సెల్ టవర్ల పని మీద వారంలో రెండు రోజులు సెంజి కొండల రాళ్లదారుల్లో తిరగాలి, మిగతా రోజులు ఉప్పళం ఆఫీసుకు పోవాలి. నువ్వు పంపుతానన్న నీ బుల్లెట్టు రెండింటికీ పనికొస్తుందో లేదో చూద్దామని నిన్న ఇక్కడి సారం పేటలో మెకానిక్ గోవిందరాజన్ దగ్గర అలాంటిదే ఒకటి నడిపాను. సందు మలుపులో బిందెతో ఒకావిడ ఎదురొచ్చింది. అలవాటు కొద్దీ కుడికాలితో గట్టిగా తొక్కాను. బ్రేకు పడలేదు, పై గేరు పడింది. ఆవిడకు దెబ్బ తగల్లేదు గానీ కొంగు హ్యాండిల్‌కు చిక్కి చిరిగింది. గోవిందరాజన్ పరుగున వచ్చి, "ఏంది తంబీ, ఈ బండికి బ్రేకు ఎడంకాలికి గదా ఉండేది. కాలు యాడ పెట్టినావు?" అన్నాడు.

నీ బండి రైలు పార్సిల్లో వేయొద్దు. కోపం తెచ్చుకోకు. గోవిందరాజన్ దగ్గర యెజ్డీ బండి ఒకటి ఉంది. దానికి బ్రేకు కుడివైపే, రాళ్ల మీద తేలిగ్గా పోతుంది. శుక్రవారం తీసుకుంటాను.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె పంపనా? మీ ఇద్దరికీ నమస్కారం.

ఇక్కడి నుంచి అమ్మకు చదవకు. కుడికాలి బ్రేకున్న స్కూటరు అమ్మి బుల్లెట్టు కొన్న వారంలోనే కదా అమ్మ బండి మీంచి పడింది. కుక్క అడ్డమొచ్చిందని ఇన్నేళ్లూ చెప్పావు. వెనక కూర్చున్న అమ్మ మాత్రం ఏ కుక్కనూ చూడలేదంటుంది. నిజం రాయి నాయనా.

రఘునాథన్