మార్టిన్ పండుగ నాటి పెళ్లి

మార్టిన్ పండుగకు ముందటి ఆదివారం

నా ఎతియెన్‌కు,

రాజుగారిని దించిన మీ రిపబ్లిక్ పెట్టిన కొత్త నెలల పేర్లు నాకు నోరు తిరగవు. పండుగ పేరుతోనే తేదీ వేశాను, నవ్వుకో.

ప్రమాణం చెయ్యనని, మీ సిపాయిలకు చిక్కకుండా అడవిలో దాక్కున్న మా పాత ఫాదర్ గారు కబురు పంపారు. మార్టిన్ పండుగ తెల్లవారుజామున మా గడ్డికొట్టంలో పూజ చెప్పి, మన పెళ్లి చేస్తారట. ప్రభుత్వానికి ప్రమాణం చేసిన ఆ కొత్త ఫాదర్ చేస్తే అది పెళ్లే కాదంటుంది అమ్మ. నాకూ మనసొప్పడం లేదు, ఏం చెయ్యను?

గుడ్లమ్మే పెరీన్ చేత నాన్న మేకతోలు కోటు పంపుతున్నాను. సిపాయి నీలం కోటుతో వస్తే రాజుగారి పక్షం వాళ్లు అడవి అంచునే కాల్చేస్తారు. వాళ్లలో మా అన్నయ్య గిల్దాస్ కూడా ఉన్నాడు. "బావ అయ్యేది తర్వాత, ముందు ఆ రంగు విప్పి రమ్మను" అన్నాడు.

నీ మాతురీన్


ఫుజేర్ కోట, పొగమంచు నెల

ప్రియమైన మొండిఘటానికి,

కోటు మంచం కింద దాచాను. "ఎవడ్రా ఇక్కడ మేకను పెంచుతున్నది?" అని మా సార్జెంటు లుకా పొద్దుటి నుంచి గదంతా వెతుకుతున్నాడు.

మేయరు ముందు ఒక్క సంతకం పెడితే మధ్యాహ్నానికల్లా ఆపిల్ కల్లు తాగుతూ కూర్చునేవాళ్లం. చెప్తే వినవు. సరే, నీకు ఏది పెళ్లయితే నాకూ అదే. సెలవు దొరికింది. వస్తాను. మీ అమ్మను మాత్రం నన్ను చూసి శిలువ గుర్తు వేసుకోవద్దను.

నీవాడు, ఎతియెన్


కేథరిన్ పండుగ

ఎతియెన్‌కు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు వస్తావేమోనని ఫాదర్ గారు ఒక పాట తర్వాత ఇంకో పాట పాడించారు. ఇంతలో తుపాకి పేలింది. నేను బయటికి వెళ్లబోతే అన్నయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆ కాల్చేవాళ్లలో నీవాడూ ఉంటాడు, కూర్చో" అన్నాడు.

ఆ తర్వాత రెండు వారాలుగా నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. పెరీన్‌ను కోటకు పంపితే, నిన్ను రెన్ పట్నానికి పంపేశారని మాత్రం చెప్పారట.

క్రిస్మస్ ముందు ఉపవాసాలు మొదలైతే పెళ్లిళ్లుండవు. ఫాదర్ గారు అవి ముగిసేదాకా బతికుంటారో లేదో అని అమ్మ తొందరపెట్టింది. నిన్న గాలిమర నడిపే జోస్లిన్‌తో నా పెళ్లయిపోయింది. మంచి మనిషి. ఇక రాయకు. నాన్న కోటు పంపించు చాలు.

మాతురీన్


రెన్ ఆస్పత్రి, చలి నెల

మాతురీన్‌కు,

నీ సంసారం చల్లగా ఉండాలి. రాయొద్దన్నావు, ఇదొక్కటే రాస్తాను. నేను మాట తప్పానని నువ్వు అనుకుంటూ ఉంటే ఓర్చుకోలేకపోతున్నాను.

కోటు పంపలేను, ఇక్కడ కత్తిరించి తీశారు. మోకాలి కింద కాలు కూడా తీసేశారు. ఇన్నాళ్లూ జ్వరంలో పడి ఉండి రాయలేకపోయాను.

ఆ రోజు నేను వచ్చాను. మీ కొట్టం వెనక కంచె దాకా వచ్చాను. మంచులో మేకతోలు చూసి, గిల్దాస్ వాళ్లలో ఒకడిననుకుని మా గస్తీవాళ్లే పొలం అవతలి నుంచి కాల్చారు. కాల్చింది లుకా. దగ్గరికొచ్చి నా మొహం చూసి, "ఈ తోలేమిట్రా, నీ దుంప తెగ" అంటూ కూలబడి ఏడ్చాడు. దారి తప్పానని చెప్పాను. త్వరగా మోసుకుపొమ్మని గోల చేస్తే, కొట్టం వైపు ఎవరూ చూడలేదు.

వాళ్లు రాకముందు చెక్కల సందులోంచి నీ గొంతు విన్నాను. "ఎతియెనేమో, చూసొస్తానన్నయ్యా" అన్నావు. ఒక్క కేక వేస్తే వచ్చేదానివి. నీ వెనకే గిల్దాస్, ఫాదర్ గారు, మీ అమ్మ వచ్చేవాళ్లు. గస్తీవాళ్లు అప్పటికే పొలంలోకి దిగారు. నోట్లో గుడ్డ కుక్కుకుని, నువ్వా తలుపు తియ్యకూడదని నీ దేవుడికే మొక్కుకున్నాను.

నువ్వు తియ్యలేదు.

ఎతియెన్