మేనత్త పోలిక

భవానీపురం

ప్రియమైన నాన్నకి,

ఈ మాట ఫోనులో నీతో అనడానికి నోరు రాక ఉత్తరం రాస్తున్నాను. రొమ్ములకు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. హమ్మయ్య అని లేవబోతుంటే, మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడిగారు. నానమ్మా, సుబ్బరత్నం అత్తా చిన్న వయసులోనే దీనితో పోయారని చెప్పాను. డాక్టరమ్మ మొహం మారిపోయింది. నాకు రిస్కు ఎక్కువట, ఏటా ఎమ్మారై కూడా తీయించుకోవాలట. రక్తం కూడా పరీక్షకి పంపారు. ఏమీ లేదంటూనే ఇవన్నీ ఎందుకో బుర్రకెక్కడం లేదు. భయపడాలా, వద్దా?

నీ మల్లీశ్వరి

పెడన

చిరంజీవి మల్లికి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అమ్మకి చదువుతూ సిగ్గేసి సగంలో ఆపేశాను. పోయింది మా అమ్మా, నా చెల్లెలూ. వాళ్లకీ నీకూ మధ్యలో నేనున్నాను, మగవాణ్ణి. ఆడవాళ్ల జబ్బు నన్ను దాటుకుని నీ దాకా ఎలా వస్తుంది? నీది అచ్చం మీ అమ్మ పోలిక. వాళ్ల వైపు ఆడవాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారు. లేనిపోని పరీక్షలు పెట్టుకోకు. అన్నానే గానీ, నీ ఉత్తరం చదివాక చెల్లెలు గుర్తొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

మీ నాన్న, అంకమ్మరావు

భవానీపురం

ప్రియమైన నాన్నకి,

నీ మాట వినలేదు, కోప్పడకు. బోర్లా పడుకోబెట్టి, నరంలోకి ఏదో మందు ఎక్కించి ఎమ్మారై తీశారు. చెవులు చిల్లులు పడే మోత. ఏమీ లేదని తేలింది. బయటికొచ్చి బెంజ్ సర్కిల్‌లో నిలబడి ఏడ్చాను, ఎందుకో నాకే తెలియదు.

రక్తం రిపోర్టు మాత్రం వేరేలా వచ్చింది. వంశంలో వచ్చే లోపం నాలో ఉందట. లోపం ఉంది, జబ్బు లేదు. అందుకే ఏటా చూసుకుంటూ ఉండాలట. అది తండ్రి నుంచి కూడా వస్తుందట నాన్నా. నువ్వూ ఒకసారి చూపించుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాకూ అంతా అర్థం కాలేదు. నీ మీద కోపం మాత్రం లేదు, నిజం.

నీ మల్లి

పెడన

చిరంజీవి మల్లికి,

జవాబు ఆలస్యమైంది. నా వల్లే నీకు వచ్చిందన్న మాట మింగుడు పడలేదు. కూతురికి నేనిచ్చింది ఇదా అని ఏడ్చానమ్మా.

రక్తం పరీక్షకి ఇచ్చి వద్దామని మీ అమ్మా నేనూ బందరు వెళ్లాం. డాక్టరు చొక్కా విప్పమన్నాడు. ఎడమ రొమ్ము దగ్గర గట్టిగా ఉంటే, నేత నేసేటప్పుడు మగ్గం కర్ర ఒత్తుకుని కాయ కాసిందనుకున్నాను ఇన్నాళ్లూ. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. అదేనట మల్లీ. మగవాడికీ వస్తుందని నాకెవరూ చెప్పలేదు. చిన్నగా ఉండగానే దొరికింది, ఆపరేషన్‌తో నయం కావచ్చన్నారు. నువ్వు నా మాట విని ఊరుకుని ఉంటే నేను వెళ్లేవాణ్ణే కాదు. నువ్వు ఆ ఎమ్మారై ఏ ఏడాదీ మానకు.

ఇవాళ మళ్లీ వెళితే ఆస్పత్రి వరండాలో అందరూ ఆడవాళ్లే. నర్సు వచ్చి, "రండమ్మా, మీ వంతే" అని మీ అమ్మ చెయ్యి పట్టుకుంది. నేను లేచి నిలబడి, "పేషెంటు నేనండీ" అన్నాను.

మీ నాన్న