నా నడుము కోసం నేల అమ్మరాదు

వరంగల్ జిల్లా, కొడకండ్ల మండలంలోని మా తండా నివాసి ప్రేమ్‌సింగ్ కుమారుడు ఉపేందర్ అనే నేను, బయోటెక్నాలజీలో పీజీ చదివినవాణ్ణి, ఎవరి ఒత్తిడీ, ఎవరి సారా లేకుండా రాస్తున్న వీలునామా. నా బుద్ధి, చేతులు సక్రమంగా ఉన్నాయి. బొడ్డు కింది భాగం సకల జనుల సమ్మెలో ఉన్నందున దాని సమ్మతి తీసుకోలేదు.

వెన్నులో వదులైన రాడ్డు బిగించడానికి రేపు హైదరాబాద్ తీసుకుపోతున్నారు. నడవలేను గానీ నొప్పి లేకుండా కూర్చోగలనని డాక్టరు దాచకుండా చెప్పారు. బస్సులు బంద్ కాబట్టి భీమ్లా జీపులో పోవాలి. అసలు వీలునామా అవసరమైంది అందుకే.

1. భీమ్లాకు: మొన్న ఎండాకాలం ఊరేగింపులో నేను జీపు టాపు మీద నిలబడి జై తెలంగాణ అంటుండగా, మేక అడ్డొచ్చిందని బ్రేకు కొట్టినవాడు. మేక క్షేమం, కింద పడి విరిగింది నా వెన్నే. "తొక్కితె పాపం గద రా" అని ఇప్పటికీ అంటాడు. క్షమించాను. నా మోటారు సైకిల్ అతనికే. దానికి బ్రేకులు పడవు.

2. అవ్వ నీలికి: నా ఉన్ని శాలువా. వెన్నుపాము దెబ్బతిన్నచోట మూలకణాలు ఊరికే పోస్తే నిలవవని, అవి అల్లుకోవడానికి మెత్తటి జాలీ లాంటిది కావాలని, తీజ్ పండుగకు తట్టలో గోధుమలు మొలకెత్తించినట్టేనని ఆమెకు చెప్పాను. మరునాడే ఆడపిల్లలతో తీజ్ తట్ట తెప్పించి, నన్ను బోర్లా పడుకోబెట్టి వీపు మీద పెట్టించింది. మగవాడు ముట్టరాని తట్ట! పెద్దలు గొడవకొస్తే, "ఈడేడ ముట్టిండు? తట్టనే ఈన్ని ముట్టింది" అని తీర్పు చెప్పింది.

3. మా కాలేజీ సార్లకు: ఆపరేషన్‌లో తీసే నా ఎముక మజ్జలో కొంత, ఒప్పుకున్న ప్రకారం. అందులోని కణాలను అటువంటి జాలీలో పెంచి ఎలుకల వెన్నులో పెట్టి చూస్తారు. నాకంటే ముందు ఎలుక నడిస్తే అసూయ పడను. దానికి మా యాస వస్తే మాత్రం ఎవరూ నవ్వరాదు.

4. చెల్లె జమునకు: నా పుస్తకాలన్నీ. గీతలు గీసినవి నేను చదివినవి. మిగతావి కొత్తవే.

5. ఒక్క సూదితో నడిపిస్తానన్న బ్రోకరుకు: ఏమీ లేదు. అతన్ని నమ్మి బాపు పత్తి చేను బేరం పెట్టాడు. ఆ మూలకణాల వైద్యం ఇంకా ప్రయోగాల్లోనే ఉందని నేనెంత మొత్తుకున్నా వినలేదు. చివరికి, నకిలీ పత్తి గింజలు అమ్మినవాడు కూడా ఇంత తియ్యగానే మాట్లాడాడని గుర్తుచేశాను. బాపు బ్రోకరును పిలిచి, "గింజ యాడిది? మొలవకుంటె ఎవల్నడగాలె? జర కాయితం మీద రాసియ్యి" అన్నాడు. "నమ్మకం ఉండాలె పెద్దమనిషీ" అన్నాడతను. "ఉన్న నమ్మకమంత నిరుడు పత్తిల పోసిన" అని బాపు బేరం రద్దు చేశాడు.

6. బాపుకు: చేను ఆయనదే కాబట్టి రాసిచ్చే హక్కు నాకు లేదు. అడిగే హక్కుంది. నేను బతికినా, పోయినా, నా నడుము పేరు చెప్పి దాన్ని అమ్మరాదు. ఈ పొద్దున అందరూ పత్తి ఏరడానికి పోయారు. నన్ను చూసుకోవడానికి ఒక్కరూ మిగల్లేదు. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

15 అక్టోబరు 2011

(సంతకం) ఉపేందర్
పడుకుని చేసినది, వంకరకు క్షమించాలి.

సాక్షులు: వాల్యా (తండా పెద్ద), సరళ (నర్సు)